చివర నిప్పుతూటా

ముక్బిల్‌కు,

నీకు ఉత్తరం రాయడం దండగని కలం మూసేశాను. మీ అక్క మళ్లీ తెరిచి చేతిలో పెట్టింది.

నీ మేనల్లుడి పెళ్లిలో, పిల్లను తీసుకెళ్లడానికి వచ్చి వియ్యంకుడు హిజామ్ వాకిట్లో తుపాకీ పేల్చడం మన మర్యాదే, కాదనను. కానీ మ్యాగజైన్‌లో మామూలు తూటాల అడుగున ఆ నిప్పుగీత గీసే తూటా ఎందుకు పెట్టావయ్యా? అడిగితే, "సైన్యంలో అలవాటు బావా, అది మెరిస్తే మ్యాగజైన్ ఖాళీ అయిందని గుర్తు" అన్నావు. పెళ్లిలో నిన్నెవరు చుట్టుముట్టారని? మీ నాన్నా ఇంతే. మనవాళ్లు నమిలే కాత్ ఆకు అమ్ముతూ, లేతాకు కింద ముదురాకు పెట్టి కట్ట కట్టేవాడు. సంతలో ఎవరైనా నిలదీస్తే, "ఆకుకు మాత్రం వయసు రాదా?" అనేవాడు. సరే, పోయినవాడి సంగతి వదిలేద్దాం.

ఆ నిప్పు వెళ్లి హిజామ్ జొన్నచొప్ప వామిలో పడింది. ఏడాది మేత బూడిదైంది. నువ్వేమో తుపాకీతో సహా కొండమీదికి పారిపోయావు. తప్పు మనది కనుక, తీర్పు తేలేదాకా పూచీగా నా తుపాకీ, పెళ్లికొడుకు తుపాకీ ఆయన ముందు పెట్టాను. "వీటికి మసైనా అంటలేదు బావగారూ, తీసుకెళ్లండి. కాల్చినవాడి తుపాకీ వస్తేనే పిల్ల కదులుతుంది" అన్నాడు. ఆ మాట న్యాయమే, అందుకే ఒళ్లు మండుతోంది.

ఈ ఉత్తరం తెచ్చినవాడి చేతికి తుపాకీ ఇచ్చి పంపు. నువ్వు రాకపోయినా ఫరవాలేదు.

పెళ్లికూతురు పొద్దుటి నుంచి కారులోనే కూర్చుంది. ఇప్పుడే దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.