హెనాన్ బాణీ ఏ వైపు?

రాజమండ్రి, 12 నవంబరు 1998, గురువారం

రేపు కాలేజీ సెమినార్‌లో గుజెంగ్ అనే చైనా తీగవాద్యం గురించి నేను మాట్లాడాలి. లెక్చరర్ గారి కేసెట్‌ను నా రూమ్మేట్ పద్మ నాకు కాపీ చేసి ఇచ్చింది. ఎ వైపు హెనాన్ బాణీ, బి వైపు చావ్‌జౌ బాణీ అని దాని మీద రాసింది. హెనాన్‌ది బరువైన బాణీ, చావ్‌జౌది మెత్తనిది అని పుస్తకంలో చదివాను. కానీ ఎ వైపు వింటే అరిటాకు మీద చినుకుల్లా ఉంది. ఈ అంశం కావాలని పద్మ కూడా అడిగింది. లెక్చరర్ గారు నాకిచ్చారు.

సాయంత్రం వీణ నేర్పే కామేశ్వరి గారికి రెండు వైపులా వినిపించాను. ఆవిడకు చైనా సంగతులేవీ తెలియవు. బి వైపు వస్తుంటే కళ్లు మూసుకుని ఎడమచేతి వేళ్లు ఒళ్లో కదిపారు.

"ఎవరోగానీ తీగను నొక్కిపట్టి గట్టిగా ఊపుతున్నారమ్మా. బరువంతా ఇందులోనే ఉంది."

హాస్టల్‌కు రాగానే, కావాలనే పేర్లు తారుమారుగా రాశావని పద్మను అందరి ముందూ నిలదీశాను.

"కేసెట్ తెచ్చిచ్చింది నువ్వే కదే. ఏ వైపు పైకుంటే అది ముందు కాపీలోకి ఎక్కించాను. ఇంత అనుమానమేంటే నీకు?" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆత్రంకొద్దీ లెక్చరర్ గారి కేసెట్‌లో బి వైపు కాసేపు విని, తిప్పకుండానే పద్మకు ఇచ్చేశాను. తప్పయిందని చెబుదామని ఇప్పుడే లేచాను. కానీ లెక్చరర్ గారి కేసెట్ మీద బాణీల పేర్లు రెండు వైపులా ఇంగ్లీషులో అచ్చువేసి ఉన్నాయి. పద్మ నాకంటే బాగా ఇంగ్లీషు చదువుతుంది, ఎక్కించేటప్పుడు అవి చూసే ఉంటుంది.

మళ్లీ కూర్చున్నాను. పక్క మంచం మీద తను నిద్రపోయినట్టే పడుకుంది.