తెల్ల గ్లౌజుల మేడమ్ చెప్పిన మాట

ఘుబ్రా, మస్కట్

అక్కకు, బావకు శ్రీను దండాలు. నేనిక్కడ బాగున్నాను, నా గురించి బెంగ పెట్టుకోవద్దు. అమ్మ మోకాళ్ల నొప్పులు కాస్త తగ్గాయా? మరదలు లత అన్నం తింటోందా? పిల్లలు బడికి సరిగ్గా వెళ్తున్నారా?

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని బావ నవ్వుతాడని తెలుసు. మొన్న నువ్వు ఫోన్‌లో, "అరే శీనూ, అయ్యగారిని అడిగినం. తమ్ముడు దొరకకపోయినా దర్భలతోని బొమ్మ చేసి నిప్పు పెట్టొచ్చంట. నాయిన లేడు, పెద్దోనివి నువ్వే. నువ్వు ఊఁ అంటెనే చేస్తం" అన్నావు. నేను ఫోన్ పెట్టేశాను. కోపమనుకోకు అక్కా. కాగితమైతే ఆగి ఆగి రాయొచ్చు. మా రూమ్‌లో ఉండే హఫీజ్ భాయ్ సెలవు మీద హైదరాబాద్ వస్తున్నాడు. అతని చేతికే ఇస్తున్నాను. పిల్లలకు ఖర్జూరాలు, అమ్మకు నొప్పుల మందు కూడా పంపుతున్నాను. బావ వెళ్లి తీసుకోవాలి.

నా డ్యూటీ మారింది. కంపెనీ నన్ను ఒక జపాన్ ఇంజనీరు ఇంటికి డ్రైవర్‌గా వేసింది. ఎండలు తగ్గాయి, సాయంత్రం బయట కూర్చుంటే హాయిగా ఉంటోంది. తిండికి లోటు లేదు. హఫీజ్ భాయ్ పప్పుచారులో చింతపండు పొదుపు చేస్తాడు, అదొక్కటే మా ఇద్దరికీ గొడవ.

ఆ ఇంజనీరు వాళ్లమ్మ కొడుకును చూడ్డానికి వచ్చింది. బాగా పెద్దావిడ. కాళ్లకు పొడుగు చెక్కలు కట్టుకుని మంచుకొండల మీద నుంచి జారే ఆట ఉంటుందే, వయసులో ఉన్నప్పుడు అందులో ఆమె ఛాంపియన్ అట. హాల్లో ఫొటో ఉంది, ఛాతీ మీద నంబరు, మెడలో పతకం. తర్వాత ఎన్నికల్లో నిలబడి వాళ్ల పార్లమెంటులో కూడా కూర్చుందట. ఈ సంగతి చెబితే హఫీజ్ భాయ్, "అరె మియా, జారుడు నేర్సినోళ్లకు రాజకీయం ఎంత పని! పెద్ద మనిషి, జర సంభాల్‌కే నడుపు" అన్నాడు.

ఆమెకు ఒక వింత అలవాటు ఉంది. కారు సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, కిటికీ దించి రోడ్డు మీది మగవాళ్లందరినీ ఒక్కొక్కరినీ చూస్తుంది. చూస్తూ చెయ్యి కొంచెం పైకెత్తుతుంది. అద్దంలో చూసి నాకు ఒళ్లు జలదరించేది. ఎందుకంటే నేనూ అదే పని చేస్తున్నాను కదా. సంపాదనకని అందరికీ చెప్పి వచ్చాను గానీ నేను ఈ దేశం ఎందుకొచ్చానో నీకు తెలుసు. సెలవు దొరికితే అల్ సువైక్ వెళ్తాను. మన తమ్ముడు మహేశ్ పనిచేసిన తోట దగ్గర, బజారులో, మసీదు మెట్ల దగ్గర, ముఖాలు చూస్తూ తిరుగుతాను.

పోయిన వారం ఆమె ఖర్జూర తోటలు చూస్తానంది. అల్ సువైక్ తీసుకెళ్లాను. మహేశ్‌ను వాన వరదలో లాక్కెళ్లిన ఎండువాగు, ఇక్కడ వాదీ అంటారు, దాన్ని దాటుతుంటే ముందు ఒక పికప్ వెళ్తోంది. వెనక కూలీలు కూర్చున్నారు. ఒకడు మెడకు తువ్వాలు చుట్టుకుని, తల ఒక పక్కకు వాల్చి కూర్చున్నాడు. మనవాడు బస్సులో అట్లాగే కూర్చునేవాడు కదా? అంతే అక్కా, వెనక మేడమ్ ఉన్న సంగతే మర్చిపోయాను. తిరగాల్సిన మలుపు వదిలేసి ఆ బండి వెంట పడ్డాను. అది ఒక షెడ్డు దగ్గర ఆగింది. పరిగెత్తి వెళ్లి అతని భుజం పట్టుకున్నాను. తిరిగి చూశాడు. బెంగాలీ కుర్రాడు. "క్యా హువా భాయ్?" అన్నాడు భయంగా. మాఫ్ కరో భాయ్ అని వెనక్కి తిరిగాను.

ఉద్యోగం ఊడినట్టే అనుకుంటూ కారు దగ్గరికి వచ్చాను. ఆమె అరవలేదు. "ఎవరు?" అంది ఇంగ్లీషులో. నాకొచ్చిన ముక్కల్లో, తమ్ముడు, వాన, వాగు, దొరకలేదు అని చెప్పాను.

ఆమె నాకర్థమయ్యేలా మెల్లగా చెప్పింది. ఆమెకూ తమ్ముడుండేవాడు. కొత్తగా మంచు పడ్డాక కొండెక్కితే మంచు విరిగి మీద పడింది. ఎండలు వచ్చి మంచంతా కరిగినా మనిషి దొరకలేదు. అతను పోయిన రోజు ఆమె వేరే దేశంలో పోటీలో ఉంది. ఆట చెడుతుందని ఎవరూ చెప్పలేదు. గెలిచాక చెప్పారు. హాల్లో ఉన్న ఫొటో ఆ రోజుదే. ఇల్లు చేరేసరికి వాళ్లమ్మ అతని జారుడు చెక్కలను మనిషికి బదులు మంటలో పెట్టి అన్నీ జరిపించేసింది.

"నేను ఆ మంట చూడలేదు. అందుకే నాకు వాడు చనిపోలేదు" అంది.

బ్యాగులోంచి తెల్ల గ్లౌజులు తీసి చూపించింది. వాళ్ల దేశంలో ఎన్నికలకు నిలబడ్డవాళ్లు అవి వేసుకుని జనానికి చెయ్యి ఊపడం ఆనవాయితీ అట. "ఊరూరా తిరిగాను. ఓట్ల కోసమని అందరూ అనుకున్నారు. అన్ని ముఖాలు చూడటానికి నాకు వేరే దారి లేదు" అంది.

"దొరికాడా మేడమ్?" అని అడిగేశాను.

"చాలాసార్లు. ప్రతిసారీ వేరేవాడే."

నాకు ఏడుపు ఆగలేదు అక్కా. స్టీరింగ్ మీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆ వయసులో కూడా ఆమె చెయ్యి దానంతట అదే లేస్తోంది. నా బతుకూ అంతేనా అని భయం పట్టుకుంది. నాకంటే లత సంగతి ఎక్కువ గుర్తొచ్చింది. గడపలో చెప్పుల చప్పుడైతే చాలు, మొగుడు వచ్చాడేమోనని లేచి చూస్తోందని నువ్వే చెప్పావు. ఇన్నాళ్లూ "శ్రీను బావకు ఇష్టం లేకుంటె వద్దు" అంటూ నా మాట కోసమే ఆగింది. దాన్ని అట్లా కూర్చోబెట్టింది నేనే. దర్భల బొమ్మ సంగతి, మీరు నా మాట కోసం ఆగిన సంగతి కూడా మేడమ్‌కు చెప్పేశాను.

ఇంటి ముందు దిగేటప్పుడు ఆమె అన్నది ఒకటే. "నువ్వు వెళ్లు. నీ చేత్తో నిప్పు పెట్టు. మంట ఆరేదాకా చూడు." కొడుకుతో మాట్లాడి కంపెనీలో నా సెలవుకు కూడా చెప్పించింది.

అందుకని అక్కా, ఊఁ అంటున్నాను. అయ్యగారికి చెప్పు. కానీ నేను వచ్చేదాకా ఆగండి. బీరువాలో వాడి గళ్ల చొక్కా ఉంటుంది, ఉతకొద్దు, బొమ్మ మీద అదే వేద్దాం. లతకు ఈ ఉత్తరం నువ్వే చదివి వినిపించు. అమ్మకు మెల్లగా చెప్పు. ఆ నిప్పు పట్టుకోవడానికి అమ్మ దీవెన నాకు కావాలి. చిన్నాయనకు, పెద్దమ్మకు నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు.

బావను ఎయిర్‌పోర్టుకు రమ్మను. దారిలో బండి ఆగిన ప్రతిచోటా నేను కిటికీలోంచి మనుషుల్ని చూస్తుంటే ఏమీ అనవద్దని ముందే చెప్పు. నిప్పు పెట్టే రోజు దాకా చూడనివ్వండి.

నీ తమ్ముడు
శ్రీను