పదిహేడో నంబరు కారుకు నాలుగు మీటర్లు

నెలవంక రెసిడెన్సీ, కొండాపూర్
జూన్ 16, సోమవారం

గౌరవనీయులైన సెక్రటరీ నర్సింహ గారికి,

మూడో అంతస్తు 304 నుంచి హరిత నమస్కరించి రాసే సంగతి. మన వాట్సాప్ గ్రూపులో కుక్కల గురించి మొదలైన గొడవ పెళ్లి సంబంధాల దాకా వెళ్లడంతో మీరు గ్రూపు మూసేసి, ఏదున్నా కాగితం మీద రాసి లిఫ్టు పక్క డబ్బాలో వేయమన్నారు కదా. అందుకని పరీక్షలు అయిపోయిన ఇన్నేళ్లకు మళ్లీ పెన్ను పట్టాను.

నేను ఎలక్ట్రిక్ కారు కొన్నాను. మా అమ్మ రత్నమ్మకు మోకాళ్ల నొప్పులు. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలి. క్యాబులవాళ్లు వస్తున్నామని చెప్పి బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గరే స్థిరపడిపోతున్నారు.

మీ అనుమతితోనే మీటర్ల గది బయట గోడకు పెద్ద ప్లగ్గు పెట్టించాను. అంతా బాగుంది గానీ, కంపెనీవాళ్లు ఛార్జరుకు ఐదు మీటర్లే ఇచ్చారు. నా కారు ఉండేది ఆ గది పక్క వరుస చివర, పదిహేడో నంబరు స్థలంలో. ఐదుతో పని జరగదు. ఇంకో నాలుగు మీటర్లు కావాలి. మీరు సరేనంటే నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు,
మీ జవాబు కోసం డబ్బా వైపే చూస్తూ,
హరిత

తా.క. ఉత్తరం ఎలా ముగించాలని అమ్మను అడిగితే, "మీ పాదసేవకురాలు అని రాయి పాపా, పనయితాది" అంది. రాయలేదు. పని కాకపోతే అప్పుడు చూద్దాం.

జూన్ 19, గురువారం

చిరంజీవి హరితకు, సెక్రటరీ నర్సింహ దీవించి రాసేది.

నేను కరెంటు డిపార్టుమెంటులో ముప్పై నాలుగేళ్లు చేసి, లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషిని. మీటర్ల విషయం నా దగ్గర దాచకు. నీకు ఐదు మీటర్లు ఇచ్చారని రాశావు. టార్చిలైటు పట్టుకుని మీటర్ల గది రెండుసార్లు వెతికాను. 304 పేరు మీద ఒక్కటే ఉంది. మిగతా నాలుగూ ఎక్కడ పెట్టావు? అవి చాలక ఇంకో నాలుగంటున్నావు. మొత్తం తొమ్మిది! రెండు పడకగదుల ఇంటికి తొమ్మిది మీటర్లా? జీడిమెట్లలో ఫ్యాక్టరీలు కూడా ఒక్కదానితో నడుస్తున్నాయమ్మా.

నీ ఉత్తరం మా ఆవిడ భూలక్ష్మికి చదివి వినిపించాను. ఆమె పప్పుగుత్తి పక్కన పెట్టి, "గిండ్ల సమజ్ కానిదేముంది? ఆ పిల్ల హాస్టల్ పెట్టింది. ఒక్కో మంచానికి ఒక్కో మీటరు" అంది.

"గట్లెట్లయితది?" అన్నాను.

"మరి పొద్దుగాల లిఫ్టుల గంతమంది పిల్లలు యాడికెల్లి దిగుతున్నరు?" అంది. వెంటనే నియమాల పుస్తకం తీశాను.

మన నియమాల ప్రకారం హాస్టళ్లు నిషేధం. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. అప్పటిదాకా ఒక్క మీటరు కూడా పెరగదు.

ఇట్లు,
నియమాన్నీ నిన్నూ రెండింటినీ కాపాడవలసిన
నర్సింహ

తా.క. హాస్టల్ మాట నిజమే అయితే, వంట ఎవరు చేస్తున్నారో కనుక్కోమంది మా ఆవిడ. ఆమె పచ్చిపులుసు బాగా చేస్తుంది.

జూన్ 23, సోమవారం, మధ్యాహ్నం

నర్సింహ గారికి, ఏ హాస్టలూ నడపని హరిత నమస్కారాలు.

నేనడిగింది కరెంటు మీటర్లు కాదండీ. చీరకు ఐదున్నర అంటామే, ఆ మీటర్లు. తీగ పొడవు! మీ ఉత్తరం విని అమ్మ, "సంజాయిషీ యాలనంట? ఇంట్లో ఉండేది మనమిద్దరమే కదా, వచ్చి లెక్కబెట్టుకోమను" అంది.

మీ జవాబు కోసం చూస్తుంటే కారు నీరసించిపోయింది. బయట ఛార్జింగు పెట్టించుకుందామని రాయదుర్గం వెళితే గంటన్నర క్యూ. అందుకని నిన్న ఒక ఎక్స్‌టెన్షన్ చుట్ట కొనేశాను. పదిహేను మీటర్లది. కావలసినంత లాగి, మిగతాది చుట్టలోనే ఉంచాను. చూసేవాళ్లకు అసహ్యంగా ఉండకూడదని మా పాత దుప్పటి కప్పాను. వాన జల్లు పడకుండా కారు వైపు ప్లగ్గుకు పాలిథిన్ కవరు కట్టాను. ఇవాళ ఇంటి నుంచే పని కాబట్టి, గంట క్రితం కారుకు తగిలించాను. బ్రహ్మాండంగా ఎక్కుతోంది. ఇక మీరు శ్రమపడక్కర్లేదు.

ఇట్లు,
సమస్య తానే తీర్చుకున్న
హరిత

తా.క. అప్పుడే సెల్లార్ పిల్లి వచ్చి ఆ దుప్పటి మీద పడుకుంది. ఎంత వెచ్చగా ఉందో ఏమో, లేపినా లేవడం లేదు. పాపం, మన వల్ల ఒక మూగజీవి సుఖపడుతోంది.

అదే రోజు, సాయంత్రం

హరితా,

దీవెనలు తర్వాత. నీ తాజా కలం చదివి, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్ల మీదుగా సెల్లార్లోకి పరుగెత్తాను. మెయిన్ దించి ప్లగ్గు పీకాను. పిల్లిని లేపితే ముంజేయి గీరింది. దానికేం తెలుసు?

దుప్పటి తీశాను. చుట్టలో తీగ మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుపోయింది. ప్లగ్గు పిన్ను నల్లబడింది. అక్కడికి మూడడుగుల్లో పక్క స్థలం కిరణ్ వాళ్ల పెట్రోలు బండి. పైన ఇరవై ఎనిమిది కుటుంబాలు. ఇంకో గంట ఆగితే ఏమయ్యేదో నేను రాయను.

చుట్టి ఉన్న తీగలో ఎక్కువసేపు కరెంటు పారితే వేడి బయటికి పోదు. దానికి నువ్వు దుప్పటి కప్పావు, చలిజ్వరం వచ్చినవాళ్లకు కప్పినట్టు! మిక్సీ అయితే రెండు నిమిషాలు తిరిగి ఊరుకుంటుంది. కారు ఆరేడు గంటలు ఆపకుండా తాగుతుంది. ఇక పాలిథిన్ కవరు నీళ్లను ఆపదమ్మా, లోపల దాచుకుంటుంది.

దూరం పెంచాలంటే తీగకు తీగ తగిలించకూడదు. ప్లగ్గునే కారు దగ్గరికి జరపాలి. మీటర్ల గది నుంచి మధ్యలో అతుకు లేని లావు కేబులు, పైపులో, సీలింగు వెంట రావాలి. కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే ట్రిప్ స్విచ్ దానికంటూ విడిగా ఒకటి ఉండాలి. కరెంటు లీకైతే రెప్పపాటులో ఆపేసేది ఇంకొకటి. గట్టి ఎర్తింగు. అంతా లైసెన్సు ఉన్న మనిషి చేయాలి. నేను దగ్గరుండి చూస్తాను. ఆదివారం టేపు పట్టుకొస్తాను. అప్పటిదాకా ఆ ప్లగ్గుకు తాళం.

ఇట్లు,
ముంజేతికి పసుపు అద్దుకుంటూ,
నర్సింహ

తా.క. "ఆ పిల్ల మీటర్లన్ననాడే దిగి చూస్తే గింత పరేషాన్ ఉండకపోవు గద! హాస్టలని కూసున్నవ్" అని మా ఆవిడ తిడుతోంది. హాస్టల్ అన్నది తనే.

జూన్ 25, బుధవారం

నర్సింహ గారికి,

తాళం వేసే ముందు కారులో ఎంత ఛార్జింగు ఉందో చూశారా? నిన్న ఆఫీసుకు వెళ్లొచ్చేసరికి ఆరు శాతం మిగిలింది. ఇవాళ అమ్మను ఫిజియోథెరపీకి ఆటోలో తీసుకెళ్లాను. కొత్తగూడ దగ్గర వాన నీళ్లలో ఆటో ఆగిపోయింది. అమ్మ ఒక చేత్తో నన్నూ, ఇంకో చేత్తో మోకాలినీ పట్టుకుని నడిచింది. నియమాలు మీకు, నడక మాకు. దీనిమీద మన సంఘం అధ్యక్షుల వారికి కూడా రాయబోతున్నాను.

ఇక్కడి నుంచి సిరా రంగు మారింది, గమనించగలరు. పై మాటలు రాసి, డబ్బాలో వేద్దామని కిందికి వస్తే, మీరు అక్కడ అట్టపెట్టెలో పెట్టిన ప్లగ్గూ తీగా కనిపించాయి. పైకి తెచ్చి అమ్మకు చూపించాను. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఆయప్ప తిట్టింది తక్కువే పాపా. మనం పైన టీవీ చూస్తాంటిమి" అంది. నేను ఆఫీసులో రోజంతా వేరేవాళ్ల తప్పులు పట్టే టెస్టరును. నా దుప్పటి కింద ఏముందో చూసుకోలేదు. మన్నించండి. మీ చెయ్యి ఎలా ఉంది? పసుపు చాలదు, దవాఖానకు వెళ్లి సూది వేయించుకోండి.

పై సగం కొట్టేద్దామనుకున్నాను. కానీ అమ్మ వానలో నడిచిందీ నిజమే కదా. అందుకని ఉంచాను.

ఇట్లు,
సగం కోపం పోయి, మిగతా సగం సిగ్గుగా మారిన
హరిత

తా.క. గట్టి ఎర్తింగు కావాలన్నారు కదా. అమ్మ కుండీల్లోంచి రెండు బకెట్ల మట్టి తీసి సిద్ధంగా పెట్టింది. "మన ప్రొద్దుటూరు మట్టి, ఇంతకంటే గట్టిది యాడా దొరకదు" అంటోంది. చాలుతుందా?

జూలై 2, బుధవారం

చిరంజీవి హరితకు, నర్సింహ ఆశీస్సులు.

మూడు సూదులు పడ్డాయి, చెయ్యి బాగుంది. మట్టి తిరిగి మొక్కలకే పోయమను. మన బిల్డింగుకు ఎర్తింగు గుంత ఉంది. నిన్న పరీక్ష చేయించాను, గట్టిగానే ఉంది.

ఆదివారం మనం టేపు పట్టి కొలిచాం కదా. కేబులు పైపు సీలింగులో ఎటు నుంచి తేవాలో చూద్దామని, ఇంటికి రాగానే బీరువాలోంచి బిల్డింగు ప్లాన్ తీశాను. ఎనిమిదేళ్లుగా నా దగ్గరే ఉన్నా ఎన్నడూ విప్పలేదు. విప్పేసరికి కళ్లు తిరిగాయి. ప్లాన్లో మీటర్ల గది పక్కనున్న మొదటి స్థలం పద్నాలుగు కాదు. పదిహేడు. రంగులు వేసినతను ప్రతి వరుసకూ నంబర్లు ఆ చివర నుంచి మొదలుపెట్టకుండా ఈ చివర నుంచి వేసుకుంటూ పోయాడు. పని బాగుందని సంతకం పెట్టింది నేనే.

అంటే ప్లగ్గు పక్కనున్న స్థలం నీది. ఎనిమిదేళ్లుగా అక్కడ నా కారు పెట్టుకుంటున్నాను. సెల్లార్ మొత్తంలో వాన జల్లు తగలని చోటు అదొక్కటే. నాది ఆ చివరిది, డ్రైనేజీ పైపు కింద.

దాచకుండా రాస్తున్నాను. ప్లాన్ మళ్లీ బీరువాలో పెట్టి రెండు రోజులు ఊరుకున్నాను. అన్నం సహించలేదు. భూలక్ష్మి గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ముప్పై నాలుగేండ్లు ఊరోళ్ల మీటర్లు సక్కగ తిరుగుతున్నయా లేదా అని చూసినవ్. ఇప్పుడు నీదే ఎనుకకు తిరుగుతుందా? ఆ పిల్ల తల్లి వానల నడిచింది. పో, కారు తియ్" అంది.

ఇవాళ పొద్దున తీశాను. గోడ నుంచి కొలిస్తే రెండున్నర మీటర్లు. నీ ఐదు మీటర్ల తీగ హాయిగా సరిపోతుంది. పొడిగింపే అక్కర్లేదు. లైసెన్సు ఉన్న మనిషిని పిలిపించి, కొత్త ప్లగ్గు, ట్రిప్ స్విచ్‌లు వేయించాను. మిగిలిన తీగ బిగించి చుట్టకు, కొక్కేనికి వదులుగా వేలాడదీయి. తాళంచెవి ఈ కవర్లోనే ఉంది. రేపటి నుంచి అమ్మను కారులో తీసుకెళ్లు. నేను ఆమెకు క్షమాపణ చెప్పుకోవాలి. ఇంటికి వచ్చి చెబుతాను, ఉత్తరంలో కాదు.

ఇట్లు,
తన స్థానం తాను తెలుసుకున్న
నర్సింహ

తా.క. ఈ ఆదివారం మిగతా కార్లన్నీ జరగాలి. అందరికీ నోటీసు రాసేశాను, ఒక్క అధ్యక్షులు వెంకటరామయ్య గారికి తప్ప. ప్లాన్ ప్రకారం ఆయన స్థలంలో ఇప్పుడు జనరేటర్ కూర్చుని ఉంది. ఆ ఉత్తరం నువ్వే రాసి శనివారం వేయి. నేనూ మా ఆవిడా శుక్రవారమే యాదగిరిగుట్ట పోతున్నాం.