టర్కిష్ ఫారానికి తెలుగు ఆటగాళ్ళు

ట్రుగనీనా, మెల్‌బోర్న్

పూజ్యులైన బాబాయి గారికి,

హరిప్రియ నమస్కారాలు. ఇక్కడ నేనూ, మీ అల్లుడు జయంత్ కులాసాగానే ఉన్నాం. చలి మొదలైంది. పిన్ని కంటి ఆపరేషన్ బాగా జరిగిందని తెలిసి మనసు కుదుటపడింది. వేళకి తింటున్నానా అని అడిగారు, తింటున్నాను. మీ క్లాస్‌మేట్, మా ప్రొఫెసరు వాసుదేవరావు గారి దగ్గర పని ఎలా ఉందనీ అడిగారు. మీ స్నేహితుడని ఇన్నాళ్ళూ మొహమాటపడ్డాను. ఇక నా వల్ల కాదు.

యూనివర్సిటీలో ఆయన పరిశోధనంతా ఒక ప్రశ్నావళి మీద. ఆటగాళ్ళు తమ బతుకులో ఆటకి ఎంత చోటిస్తారో, ఆట లేకపోతే తామెవరమనుకుంటారో కొలిచే ప్రశ్నావళి అది. ఇంగ్లీషు నుంచి టర్కిష్‌లోకి మార్చారు. మార్చాక కూడా అది సరిగ్గా కొలుస్తోందా లేదా అని ఇక్కడి టర్కిష్ ఆటగాళ్ళ చేత నింపించి చూడాలి. ప్రొఫెసరు గారికి టర్కిష్ రాదు. అది తప్పు కాదు, నాకూ రాదు. కానీ ఆ టర్కిష్ వాళ్ళ ఆటల క్లబ్బుల గడప తొక్కడానికి కూడా ఆయనకి నామోషీ. వాళ్ళు ఎక్కువగా ఉండే బ్రాడ్‌మెడోస్ చుట్టూ నేనే తిరిగాను.

అక్కడే ఎలిఫ్ కనిపించింది. ఫుట్‌బాల్ గోల్‌కీపర్. మోకాలు దెబ్బతిని ఇక ఆడకూడదన్నారట. ఫారం మొత్తం నింపి ఇచ్చింది. "ఆట లేకపోతే నేనెవరో నాకే తెలీడం లేదు. ఈ మాట ఇంతవరకు నన్నెవరూ అడగలేదు" అంది.

ఫారాలు నింపడానికి టర్కిష్ ఆటగాళ్ళు చాల్లేదు. అప్పుడు మీ మిత్రులు ఏం చేశారో తెలుసా? మన తెలుగు సంఘం బ్యాడ్మింటన్ పోటీలకి ఆ టర్కిష్ ఫారాల కట్ట పట్టుకొచ్చారు. ఫారం నింపితేనే భోజనం కూపన్! ఇళ్ళు అమ్మిపెట్టే భానుప్రసాద్ అంకుల్ రాకెట్ పట్టుకున్నదే ఆ పూట. "సార్, ఇది ఏం లాంగ్వేజ్? ఎక్కడ టిక్ కొట్టాలి?" అని పాపం అడిగాడు కూడా.

"చివరి గడి కొట్టెయ్యండి. బిర్యానీ చల్లారిపోతోంది" అన్నారు ఈయన.

పొట్టలు సర్దుకుంటూ అందరూ వరసగా చివరి గడే కొట్టారు. అలా కొడితే జవాబులన్నీ ఒకదానితో ఒకటి చక్కగా కలుస్తాయి కదా, ప్రశ్నావళి దివ్యంగా ఉందని లెక్క తేలింది. ఎలిఫ్ జవాబులు మాత్రం ఆ లెక్కలో ఇమడలేదు. తేడాగా ఉన్నాయని ఆ పిల్ల ఫారం తీసేయించారు. బిర్యానీ క్యూలో నిలబడ్డవాళ్ళు ఆటగాళ్ళట, ఆ పిల్ల కాదట!

ఇదేమిటని ఆయన్ని మొహం మీదే అడిగాను. "అమ్మాయ్, మన రీసెర్చ్ పేపర్‌లో నీ పేరు రెండోది వేస్తున్నా. మీ బాబాయి ఎంత మురిసిపోతాడో ఆలోచించు" అన్నారు. ఛీ, సిగ్గూ ఎగ్గూ లేని మనిషి. మిమ్మల్ని అడ్డం పెట్టుకుని నా నోరు మూయిద్దామనుకున్నాడు చూడండి, అక్కడే నాకు ఒళ్ళు మండిపోయింది.

అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను. పోయిన నెలే యూనివర్సిటీకి ఫిర్యాదు చేశాను. విచారణ మొదలైంది, పేపర్ ఆగిపోయింది. నా కాంట్రాక్టు ఇక పొడిగించరట. ఈ నెలాఖరుతో నాకు ఉద్యోగం లేదు. రేపో మాపో ఆయన మీకు ఫోన్ చేసి, అన్నం పెట్టిన చేతినే కరిచానంటాడు. హాస్టల్ రోజుల నుంచీ ఉన్న మీ స్నేహం దీంతో తెగిపోవచ్చని తెలిసే చేశాను, బాబాయ్. అందుకు బాధగా ఉంది. కోపమొస్తే తిట్టండి, పడతాను. ఆయనకి క్షమాపణ చెప్పమని మాత్రం అడగకండి. మీరడిగినా చెప్పను.

ఇట్లు,
మీ అన్నయ్య గారి అమ్మాయి
హరిప్రియ