మొదటి పరాయి రాజ్యం

మునగాల
9-2-1947

గట్టయ్య అన్నకు తమ్ముడు ఈదయ్య దండాలు. నేనూ సైకిలూ క్షేమం.

అన్నా, పరాయి రాజ్యంలో కాలు పెట్టాను! కార్డు మీద ఇంగ్లీషు రాజు బొమ్మ చూడు. పొద్దున సూర్యాపేట నుంచి తొక్కితే, పొద్దు నెత్తి మీదికి రాకముందే నైజాం దాటే సరిహద్దు నాకా వచ్చేసింది. జవాను నా మూట తడిమి, "యాడికి పోతున్నవ్?" అన్నాడు. "సింగపూర్‌కు" అన్నాను. "అయితే జర జల్ది తొక్కు, ఎండ ముదురుతది" అని నవ్వి వదిలేశాడు. నాకా అంటే ఇంతేనా అన్నా!

వదిన కట్టిచ్చిన సద్ది విప్పకముందే వదిన తల్లిగారింట్లో ఉన్నాను. మీ అత్తమ్మ నా మొహం చూడలేదు, సైకిలు వెనక చూసింది. "ఒక్కనివే వచ్చినవా? మా సోమమ్మను తోలుకరాకపోతివి" అంది. పరాయి రాజ్యం, నాకాల పరేషాన్ చేస్తరు అని నువ్వు పెండ్లయినప్పటి నుంచి వదినను ఆపే మాటే చెప్పబోయాను. జవాను నవ్వు గుర్తొచ్చి, సద్ది మూట విప్పుకున్నాను.

ఎర్ర మేక ఈనిందా? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఇక కోదాడ, బెజవాడ, మద్రాసు, ఆపైన ఓడ! తలుచుకుంటే కాళ్లు నిలవడం లేదు. పెండ్లినాడు వదిన వేరే రాజ్యం నుంచి వచ్చిందని విన్నప్పుడే నాకీ పిచ్చి మొదలైంది. మన ఇంట్లో మొదట సరిహద్దు దాటింది ఆమె.

అమ్మకు దండాలు చెప్పు.

గొంగడి మరిచి వచ్చాను. అది లేనిదే ఓడ ఎక్కను. బండివాళ్ల చేత పంపకు, వదిన చేత పంపు. ఆమె వచ్చేదాకా నా ప్రపంచయాత్ర మునగాలలోనే ఆగి ఉంటుంది.

నీ తమ్ముడు
ఈదయ్య