పక్కన పెట్టుకునే వంట

ఫిబ్రవరి 11, 1952. సోమవారం.

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేశాము. డాక్టరు నన్ను ఒక్కదాన్నే వరండాలోకి పిలిచి చెప్పాడు. మా ఆయన గొంతులో ఉన్నది కాన్సర్. ఆపరేషన్ చేసే దశ దాటిపోయింది. ఇంటికి తీసుకుపోయి, ఏది అడిగితే అది పెట్టమ్మా అన్నాడు.

రైల్లో ఆయన కిటికీ పక్కన కూర్చుని ఎండిన చేలు చూస్తూ వచ్చాడు. డాక్టరు ఏం చెప్పాడని అడగలేదు. రాజంపేట దగ్గర పడుతుండగా మాత్రం, ఆయప్ప చెప్పింది నాకు చెప్పొద్దులే అన్నాడు.


ఫిబ్రవరి 14. గురువారం.

స్కూలుకు సెలవు పెట్టాను. అత్త రాగిసంగటి చేసి, ముద్దను మజ్జిగలో పలచగా కలిపి కొడుక్కి తాగించబోయింది. కొంచెం దిగింది. తర్వాతి గుక్క ముక్కులోంచి వచ్చింది.

మిషన్ బంగళాలో దొరల వంటలు వండి వండి ఆ పొగంతా గొంతులో పేరుకుందని అత్త నమ్మకం. నా బిడ్డను ఆ పొయ్యే మింగింది అంటుంది. ఆమెతో వాదించను. నా దగ్గర అంతకంటే మంచి కారణం లేదు.


ఫిబ్రవరి 17. ఆదివారం.

నాకు బంగళా బీన్స్ తినాలనుండాది అన్నాడు. గొంతు గాలిలా వస్తోంది. రెండోసారి అడిగితే గానీ అర్థం కాలేదు.

నాకు కోపం వచ్చింది. మా పెళ్ళికి ముందు నుంచీ ఆయన మిషన్ బంగళాలో కుక్. మొన్న బంగళా మూసేదాకా అక్కడే. ఇంట్లో ఒక్కనాడూ పొయ్యి ముందు కూర్చోలేదు. చేతులకు దొరల మసాలా వాసనతో వచ్చి పడుకునేవాడు. నేను స్కూలు నుంచి వచ్చి వండి పెట్టేదాన్ని. ఇప్పుడు సంగటి దిగని గొంతుతో అవే కావాలంటాడు.

అన్నేళ్ళు వండారు కదా, తిన్నది చాలలేదా అన్నాను.

యాడ తింటిని మణీ అన్నాడు. స్పూను కొసన రుచి చూసేది, టేబిల్ మీదికి పంపేది. మిగిలింది పొద్దున వాళ్ళ రొట్టెలోకి. ప్లేటులో పెట్టుకొని కూర్చొని ఒక్కనాడూ తినలేదన్నాడు.

నాకు ఈ సంగతి తెలియదు. అక్కడ కడుపునిండా తిని వస్తాడనుకునేదాన్ని.


ఫిబ్రవరి 19. మంగళవారం.

బంగళాలో బెంగుళూరు నుంచి తెల్ల బీన్స్ గింజలు వచ్చేవట. మనకు అలసందలున్నాయి. నానబెట్టి పొయ్యి మీద పెట్టాను. పొద్దున పెట్టినవి పొద్దు గూకినా ఉడకలేదు. గరిటెతో కదిపితే గులకరాళ్ళ చప్పుడు.

అత్త ఒక గింజ నోట్లో వేసుకుని ఉమ్మేసింది. ఈ చౌడు నీళ్ళకు కందిపప్పే ఉడకదు, ఇవి యాడ ఉడుకుతాయి అన్నది. మంచినీళ్ళ బావి ఎండిపోయాక ఊరంతటికీ ఆ చౌడు బావి ఒక్కటే దిక్కు. అదీ అడుగున బురదే.

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.


ఫిబ్రవరి 22. శుక్రవారం.

ఆయన్ని లేపి కూర్చోబెట్టడం ఈ మధ్య సులభంగా ఉంది. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు.


ఫిబ్రవరి 24. ఆదివారం.

చర్చి అయ్యాక సుంకన్న పలకరించాడు. మా వీధివాడే. నందలూరు ఇంజన్ షెడ్డులో కళాసీ పని. ఎట్లుండాడక్కా మా ప్రేమయ్యన్న అన్నాడు. ఎందుకో నీళ్ళ సంగతి చెప్పాను. ఎవరికైనా చెప్పాలని ఉండింది.

అతను నవ్వలేదు. మా ఇంజన్లకు పోసేది చెయ్యేటి నీళ్ళక్కా, శానా తియ్యగుంటాయి, ఫోర్‌మన్‌ను అడిగి తెస్తాలే అన్నాడు.

పాస్టరుగారు మా ఇంటికి వచ్చి ప్రార్థన చేశారు. ప్రార్థన మధ్యలో నేను అలసందల గురించే ఆలోచిస్తున్నాను.


ఫిబ్రవరి 28. గురువారం.

నీళ్ళొచ్చాయి. కిరసనాయిలు డబ్బాను బాగా కడిగి, నిండా పట్టుకుని రైల్లో తెచ్చాడు సుంకన్న. అత్త ముందు ఒక చెంబు ముంచి కొడుక్కి పట్టింది. ఆయన పెదాలు తడిపి, తియ్యగుండాయి అన్నాడు. ఎంత దిగిందో నాకు తెలుసు.


మార్చి 1. శనివారం. రాత్రి.

పొద్దున్నే లేపమన్నాడు. గుమ్మం దగ్గర చాప వేసి, వెనక మూటలు పెట్టి కూర్చోబెట్టాను. మాట తక్కువ, చెయ్యి ఎక్కువ. ఆ చెయ్యి ఎటు చూపిస్తే అటు.

ఆ చెయ్యేటి నీళ్ళలో గింజలు ఉడుకుతుంటే గరిటెలోకి తీసి ఊదమన్నాడు. ఊదితే పైతోలు ముడుచుకుని లేచింది. ఆయన ముఖం చూడాల్సింది. అదే, అదే, దించు అన్నాడు.

కుండ అడుగున ఉల్లిగడ్డ. దాని మీద అలసందలు. బెల్లం కరిగించి, ఆవపిండి కలిపి పోశాను. చింతపండు కొంచెం పోయనా అని అడిగితే, కళ్ళు పెద్దవి చేసి చూశాడు. బంగళాలో కిందివాళ్ళను అట్లా చూసేవాడేమో. మీద పంది కొవ్వు ముక్క, కత్తితో గాట్లు పెట్టి. ఉప్పు ఇప్పుడొద్దు, గింజ బిగుసుకుంటాది అన్నాడు. మూకుడు మూసి, అంచులకు పిండి మెత్తాను.

ఓవెన్ లేదు కదా. పెరట్లో గుంత తవ్వి, శెనక్కాయ పొట్టు నింపి నిప్పు పెట్టాను. మంట రాకూడదు, కణకణమని ఉండాల అన్నాడు. కుండ దించి, చుట్టూ మళ్ళీ పొట్టు కూరాను. అత్త దూరంగా కూర్చుని గొణుగుతూనే ఉంది. పుల్లతో పొట్టు ఎగదోసింది మాత్రం ఆమే.

కుండ దగ్గర పని లేనప్పుడు అడిగాను. అంత గొప్పదా ఈ వంట? గొప్పదేం కాదు అన్నాడు. టేబిల్ మీద పెద్ద వంట మాంసం. ఇది పక్కన పెట్టుకునేది. కానీ దొర మొదట ఇదే తినేవాడట. మాంసం చల్లారిపోయినా పట్టించుకునేవాడు కాదట. పక్కన పెట్టింది అయిపోయినాక పెద్దది తింటారు మణీ, నేను తలుపు సందులోనుంచి చూసేవాణ్ణి అన్నాడు. ఇంత మాట్లాడి దగ్గు వచ్చి ఆగిపోయాడు.

మధ్యాహ్నం మూకుడు తీసి వేడినీళ్ళు పోశాను. పొద్దు వాలేటప్పుడు ఉప్పు వేసి, ఈసారి మూకుడు మీద కూడా నిప్పులు పోయమన్నాడు. పైన ఎర్రగా కాలాలట.

వాసన వీధిలోకి పోయింది. సుంకన్న వచ్చాడు. పక్క ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కరే ఏదో పని ఉన్నట్టు వచ్చారు. ఈ కరువులో బెల్లం కాలుతున్న వాసన వస్తే ఎవరు మాత్రం ఇంట్లో ఉంటారు?

కుండ తెచ్చి ఆయన ముందు పెట్టాను. మొదట గుడ్డ అడిగాడు. కుండ అంచు మీద అంటిన మరకలు తుడిచాడు, చుట్టూ తిప్పుతూ. ఆయన ప్లేటులో సంగటి కొంచెం పెట్టి, పక్కన అలసందలు పెట్టాను. గింజ గింజగా ఉన్నాయి, ముట్టుకుంటే వెన్న. చాలాసేపు చూశాడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

మింగలేకపోయాడు. మళ్ళీ ప్రయత్నించాడు. మెడ నరాలు లేచాయి. చివరికి గుడ్డలోకి ఊసేశాడు. గింజలతో పాటు నెత్తురు వచ్చింది.

అత్త లేచి వచ్చి ఆయన మూతి తుడిచింది. ఆయన ప్లేటు తన ముందు నుంచి జరిపి నాకు పెట్టాడు. తిను అన్నాడు. నాకొద్దన్నాను. ఆరిపోతాది, తిను అన్నాడు. తర్వాత గరిటె తీసుకుని అత్తకు పెట్టాడు, సుంకన్నకు పెట్టాడు, వచ్చినవాళ్ళందరికీ పెట్టాడు.

ఎట్లుండాది అని ఒక్కొక్కరినీ అడిగాడు. బంగళా వంట పేరెత్తితే మండిపడే అత్త, బాగుండాది నాయనా, ఇంకొంచెం పెట్టు అన్నది.

నేను తిన్నాను. ఆకలిగా ఉండింది. చాలా రుచిగా ఉండింది. ఆయన చూస్తుండగా అంతా తిన్నాను, ప్లేటు కూడా తుడుచుకున్నాను.


మార్చి 2. ఆదివారం.

చర్చికి పోలేదు. కుండ తోముతున్నాను. రాత్రి వడ్డించేటప్పుడు మీకు ఏం తోచింది అని అడగాలనుకున్నాను. అందరూ తిన్నారు కదా అని ఆయనే అన్నాడు. అందులో సంతోషం ఉందేమోనని వెతికాను. బంగళాలో పని ముగిసినప్పటి మాటలాగే ఉంది.


మార్చి 7. శుక్రవారం.

మాట పూర్తిగా పోయింది. నీళ్ళు దూదితో.


మార్చి 9. ఆదివారం.

మందు ఇచ్చే కాంపౌండరు వచ్చి చూసి, ఇంక రానవసరం లేదన్నట్టు పెట్టె మూసుకున్నాడు. అత్త ఆయన పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. ఏదైనా వండమంటావా నాయనా అని మళ్ళీ మళ్ళీ అడుగుతుంది. వద్దమ్మా, ఆపు అన్నాను. ఆపలేదు.


మార్చి 13. గురువారం.

తెల్లవారుతుండగా పోయాడు.


మార్చి 14.

నేల గట్టిగా ఉండి గుంత తవ్వడం ఆలస్యమైంది. గడ్డపార దిగలేదు. ఎండలో పెట్టెను చర్చి నీడకు జరపాల్సి వచ్చింది, మళ్ళీ జరపాల్సి వచ్చింది. పాస్టరుగారు పునరుత్థానం గురించి చెప్పారు. ఆయన నమ్మే చెప్పారు. నేను గడ్డపార చప్పుడు విన్నాను.

సుంకన్న ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు.


మార్చి 24. సోమవారం.

స్కూలుకు పోయాను. పిల్లలకు ఏడో ఎక్కం చెప్పాను. అయ్యాక మళ్ళీ ఏడో ఎక్కమే చెప్పాను. గంట కొట్టేదాకా అదే. పిల్లలు నాతో పాటు చెప్తూనే ఉన్నారు.