నాలుగు వేళ్ళ ఎత్తు

ఓర్తా సరస్సు రేవు,
సెప్టెంబరు ఆఖరివారం.

పూజ్యురాలైన మా అమ్మ రొమిల్దా గారికి, తత్వశాస్త్రంలో పట్టా పుచ్చుకుని పడవలో నీళ్ళు తోడుతున్న కుమారుడు తుల్లియో నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం, తాతయ్య క్షేమం, పిల్లి మా ఇద్దరికంటే క్షేమం. అక్కడ దావోస్ చలిలో, ఆ హోటలు వంటింట్లో నువ్వూ నీ మోకాళ్ళూ క్షేమమని తలుస్తాను. కవరు ఉబ్బుగా ఉందని సంతోషపడకు. లోపలున్నది నువ్వు పోస్టులో పంపమన్న పడవ తాళంచెవి కాదు. అదేమిటో చివర్లో మనవి చేసుకుంటాను. ముందే తడిమి చూస్తే నీ ఇష్టం.

నీ ప్రశ్నలకు జవాబులు. తింటున్నాను. టమాటా గుజ్జు సీసాల్లోకి ఎక్కించాను. రెండు సీసాలు పేలాయి, కప్పు మీది మరకలు నువ్వొచ్చేలోగా పోగొడతాను. నొవారా బడిలో పంతులు పనికి దరఖాస్తు పెట్టాను, నన్ను భరించే ధైర్యం వాళ్ళింకా కూడగట్టుకుంటున్నారు. పడవ సీట్లకు నువ్వు చెప్పిన నీలం కాదు, మళ్ళీ ఎరుపే వేయించాం. అమ్మమ్మ పేరు పెట్టిన పడవకి నీలమేమిటని తాతయ్య అన్నాడు. ఆయన వాదనలో తర్కం కనబడలేదు గానీ, ఆయన మొహం చూశాక నాకు తర్కం అక్కర్లేకపోయింది.

సీట్ల పని నువ్వు చూసుంటే బాగుండేది. ఒర్నెల్లా అత్త తన కుట్టుమిషను షెడ్డులో పాత తొడుగును ఒక్కో కుట్టూ విప్పి, ఇస్త్రీ చేసినట్టు పరిచి, దాని మీద కొత్త రెక్సిన్ పెట్టి కత్తిరించింది. లోపల గుర్రపు వెంట్రుకలు అట్టకట్టి ఉన్నాయి. స్ప్రింగులు తుప్పుపట్టి ఒకదాన్నొకటి కౌగిలించుకున్నాయి. పెళ్ళివాళ్ళ లాగులు, గౌన్లు ఏళ్ళ తరబడి చింపింది ఇవే. వాటన్నింటినీ తీసేసి గట్టి స్పాంజి వేసింది. ఎర్ర రెక్సిను, అంచున తెల్ల పైపింగు, ఇత్తడి మేకులు. 'క్లెలియా' మళ్ళీ కొత్త పెళ్ళికూతురైంది. డ్రైవరు సీటులోని పాత దిండును మాత్రం అత్త పారెయ్యలేదు. నడిమధ్య తాతయ్య ఆకారంలో గుంటపడి ఉంటే, అందులో మన పిల్లి కాపురం పెట్టింది.

ఇక ఆ రోజు సంగతి. కేకు కథ నీదాకా ఎవరు చేర్చారో తెలియదు గానీ బాగానే ఉప్పూ కారం వేశారు. జరిగింది ఇది: కొత్త సీట్ల మీద మొదటి బేరం, ద్వీపంలో పెళ్ళి. తిరిగొచ్చేటప్పుడు తాతయ్య రేవుని గుద్దాడు. ఎవరూ నీళ్ళలో పడలేదు. పెళ్ళికూతురి మేనత్త మాత్రం కేకు పెట్టె మీద కూర్చుంది. రేవు పక్కనున్న పేకాట బల్ల దగ్గరనుంచి ఎవరో, "అకిల్లే, రేవు అక్కడే ఉందయ్యా, తోసి చూడక్కర్లేదు" అన్నారు. అందరూ నవ్వారు. ఏ మాటకైనా మాట తిప్పికొట్టే తాతయ్య, మోకు చుట్టి ఇంటికొచ్చాడు.

ఆ రాత్రి కంచాల్లో పొలెంటా సంకటి చల్లారిపోతుంటే తాళంచెవి తీసి నా కంచం పక్కన పెట్టాడు.

"తీసుకోరా. నా కళ్ళయిపోయాయి."

"డాక్టరుకి చూపిద్దాం తాతయ్యా."

"డాక్టరెందుకు? రేవే చెప్పింది కదా."

ఆ తర్వాత ఆయన గడ్డం గీసుకోవడం మానేశాడు. పొద్దున్నే లేచి చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, ఎక్కడికీ వెళ్ళకుండా కూర్చునేవాడు. నీ ఉత్తరం అప్పుడే వచ్చింది: పడవ మోజు తీరిందిగా, ఆ తాళం నాకు పంపించు, నా దగ్గరుంటేనే నాకు నిద్ర పడుతుంది అని. ఆయనకి చదివి వినిపించాను కూడా. నువ్వు రాసింది తప్పని నేననను. ఆయన నీళ్ళ మీద ఉన్న ప్రతి పూటా నువ్వు కొండల అవతల ఊపిరి బిగబట్టుకుని ఉంటావని నాకు తెలుసు.

ఒప్పుకున్న బేరాలు ఉండడంతో నేను స్టీరింగు పట్టాను. తాతయ్య చిన్నప్పుడు నేర్పిన సూత్రం ఒకటే: పడవ ముందరి అద్దం మీదుగా చూస్తూ రా, రేవు మెట్టు మీది తెల్లరాయి అద్దం అంచు కింద దాక్కోగానే ఇంజను తగ్గించు, మిగతాది పడవే చూసుకుంటుంది. పోయిన వేసవంతా ఆ సూత్రంతోనే నడిపాను, రేవుకి గీత కూడా పడలేదు. ఇప్పుడు రాయి దాక్కుంది, నేను తగ్గించాను, దభీమని గుద్దాను. మర్నాడూ అంతే. పేకాట బల్ల వాళ్ళకి ఆనందం పట్టలేదు. "ఇంటిల్లిపాదికీ కళ్ళజోళ్ళు కొనండ్రా" అన్నారు.

నా కళ్ళకేం రోగం లేదమ్మా. అందుకే ఆలోచించాను. మారింది నేను కాదు, తాతయ్యా కాదు. మేం కూర్చున్న ఎత్తు మారింది. పాత దిండు ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా కుంగింది. దాంతోపాటు ఆయన చూపూ కుంగుతూ, రాయితో లెక్క సరిచేసుకుంటూ వచ్చింది. కొత్త స్పాంజి ఆయన్ని ఒక్కసారిగా నాలుగు వేళ్ళు పైకి లేపింది. పైనుంచి చూస్తే రాయి ఆలస్యంగా దాక్కుంటుంది. అంతే. మనం డబ్బు పోసి వేయించిన కొత్త సీటే ఆయన కళ్ళు పోగొట్టింది.

ఇక్కడిదాకా చదివి నువ్వు కుర్చీ లాక్కుని కూర్చునే ఉంటావు. సరే, దాచింది చెప్పేస్తాను. ఇది తెలిసీ నేను కొన్నాళ్ళు నోరు మూసుకున్నాను. ఆయన ఇంట్లో భద్రంగా ఉన్నాడు, నీకు నిద్ర పడుతుంది, పడవ నా చేతిలో ఉంది. అందరికీ మంచిదే అనిపించింది. ఆ 'అందరి'లో ఆయన లేడని ఒక పొద్దున, ఎక్కడికీ వెళ్ళని ఆ గుండీలు చూశాక తెలిసింది.

ఒర్నెల్లా అత్త దగ్గరికి వెళ్ళి డ్రైవరు సీటు కోయమన్నాను.

"నా చేత్తో నా పనే పాడుచెయ్యాలా? ఊరందరి సీట్లూ పైకి లేపుతాను, దింపడం ఇదే మొదలు" అని గొణిగింది. తర్వాత పిల్లిని దింపి, పాత దిండు గుంట లోతు తన వేళ్ళతో కొలిచి, స్పాంజిని సరిగ్గా అంత మేరకు కోసింది. కుట్టు ఎక్కడో కూడా కనబడదు.

ముందు కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. దగ్గరి చూపుకి అద్దాలు రాసి, దూరానికి నిక్షేపంగా ఉందన్నాడు. ఆ తర్వాతే, కుట్టు సరిగ్గా ఉందో లేదో ఒకసారి కూర్చుని చెప్పమని తాతయ్యని పడవెక్కించాను. కూర్చున్నాడు. అటూ ఇటూ కదిలాడు. నా వైపు అనుమానంగా చూసి చెయ్యి చాపాడు. తాళంచెవి ఇచ్చాను.

ద్వీపం చుట్టూ తిప్పి రేవు వైపు మళ్ళించాడు. నేను మోకు పట్టుకుని గుద్దుడికి సిద్ధంగా నిలబడ్డాను. ఆయన ఇంజను తగ్గించాడు. క్లెలియా తనంతట తాను జారుకుంటూ వచ్చి, మెట్టుకి జానెడు దూరంలో ఆగింది. పేకాట బల్ల వాళ్ళు గబగబా ముక్కలు పంచుకోవడం మొదలెట్టారు.

తాతయ్య ఇంజను ఆపి, మెట్టు మీది తెల్లరాయి వైపు తిరిగాడు.

"ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయిందిరా ఆ రాయి?"

"నీ కిందే ఉంది తాతయ్యా. కోయించేశాను."

"మీ అమ్మకి తెలుసా?"

"రాస్తాను."

"అయితే ఇది కూడా రాయరా. ఈ సీటు మీద కూర్చున్నా ఆ తెల్లరాయి నా కంటికి ఆనని రోజున, ఎవరూ అడక్కుండానే తాళం నేనే పంపిస్తానని."

రాస్తున్నాను. ఆ రోజు వస్తుంది. నాకు తెలుసు, నీకంటే నాకంటే ఆయనకి బాగా తెలుసు. అందాకా పగటిపూటే వెళ్తాడు, పక్కన నేనుంటాను. నవంబరులో నువ్వొచ్చాక ఆ పక్కసీటు నీది.

తాళంచెవి ఆయన జేబులో ఉంది. కవరులో ఉన్నది ఆ సీటు కింద కోసిన స్పాంజిలో ఒక ముక్క. తలగడ కింద పెట్టుకుని చూడు, నిద్ర పడుతుందేమో. ఆయన రోజూ గడ్డం గీసుకుంటున్నాడు.

ఇట్లు,
నీ మాట ఆయన దాకా చేర్చి, తాళం నీదాకా చేర్చలేని,
నీ కొడుకు
తుల్లియో